బండి వెనక కారు కట్టి ఫుజైరా దాకా

ఫుజైరా వెళ్ళొచ్చామని చెబితే ఈ అరబ్బు దేశంలో ఉన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. పొద్దున్న బయల్దేరి, సముద్రం చూసి, చేపలు తిని రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు బోలెడుమంది. మా ప్రయాణంలో విశేషం వేరే ఉంది. ఈసారి నేను మా ఆయన పక్క సీట్లో కూర్చుని వెళ్ళాను. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక అది కూడా ఒక విశేషమేనా అని నవ్వకండి. సంగతంతా విన్నాక మీరే ఔనంటారు.

రువైస్

మేముండేది అబూ ధాబీ దాటి చాలా దూరం వెళితే వచ్చే రువైస్‌లో. రిఫైనరీ, కంపెనీ క్వార్టర్లు, ఒక మాల్, చుట్టూ ఇసుక. అబూ ధాబీలో అరటాకు దొరుకుతుందంటే పండగ ముందురోజు అంత దూరమూ వెళ్ళి తెచ్చుకునే ఊరు. కరోనా రోజుల్లో ఆ క్వార్టర్‌లో మగ్గి మగ్గి, అది తగ్గగానే మా ఆయన మూర్తి గారికి ఊళ్ళు తిరగాలన్న పిచ్చి పట్టింది. ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్న ఒక జర్మన్ సహోద్యోగి దగ్గర పాత మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న బండి.

అంత పెద్ద బండి ఒకచోట ఆగిందంటే ఇంక కదలదు. బజారు సందుల్లోకి వెళ్ళదు, వాగుల్లోకి దిగదు. కొత్తిమీర కట్ట కావాలంటే ఇల్లంతా స్టార్ట్ చేసుకుని వెళ్ళాలి. అందుకని మా చిన్న కారు కూడా వెంట రావాలి. అది ఎవరు నడుపుతారు? ఇంకెవరు, నేనే. ముందు ఆయన బండి, వెనకాల నా కారు. లివా వెళ్ళినా, అల్ ఐన్ వెళ్ళినా నాకు కనిపించిన దేశమంతా ఆ బండి వెనక తలుపూ, దానికున్న ఇనప నిచ్చెనా. చూసొచ్చినవాటి గురించి ఆయన పదిమందికీ చెబుతుంటే నేనూ కొత్తగా వినేదాన్ని.

పోయిన చలికాలం లివా నుంచి వస్తుంటే పొగమంచు కమ్మేసింది. ముందున్న లైట్లు కూడా కనిపించలేదు. ఒక్కదాన్నే ఆ తెల్లటి గుడ్డితనంలో కారు నడుపుతూ ఏడ్చేశాను. ఇల్లు చేరాక చెప్పేశాను. “ఏమండీ, బండి వెనక కారు కట్టుకుని లాక్కెళ్ళే సామాను ఏదో ఉంటుందిట. అది తెస్తే వస్తాను. లేదంటే బండి అమ్మేయండి. ఇంక మీ వెనకాల నేను రాను.”

నేను బెదిరించడం లేదని ఆయనకి అర్థమైంది. ఆ సామాను కొత్తది కొనాలంటే ఓడ మీద రావాలి, ధర చూస్తే కళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళో వెతగ్గా ధైద్‌లో ఒక ఎమిరాతీ పెద్దాయన పాతది అమ్ముతున్నాడని తెలిసింది. రెండు చేతుల్లా విచ్చుకునే ఇనప కడ్డీ, గొలుసులు, కారు వెనక తగిలించే లైట్ల పట్టీ, కారు ముందు భాగం కింద బిగించే ఇనప చట్రం, మొత్తం ఒక సెట్టు.

ఇక్కడ నా కారు గురించి ఒక మాట చెప్పాలి. అది గేర్ల బండి. ఈ రోజుల్లో గేర్లు వేసుకునే కారేమిటండీ అని క్వార్టర్లలో అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. ఆటోమేటిక్ కార్లలో చాలావాటిని నాలుగు చక్రాలూ రోడ్డు మీద ఆనించి లాక్కెళితే గేర్‌బాక్సు పాడైపోతుందట. మాలాంటి గేర్ల బండిని న్యూట్రల్‌లో పెట్టి హాయిగా లాక్కెళ్ళచ్చట. ఆ మాట విన్నరోజు నా కారుకి నేనే దిష్టి తీశాను.

రోలా

మా ఆయన శని, ఆదివారాలు కాక నాలుగు రోజులు సెలవు పెట్టారు. శుక్రవారం తెల్లవారకుండా బయల్దేరాం, ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. షార్జాలో రోలా వీధుల్లోకి మోటర్‌హోమ్ దూరదు కనక దాన్ని ఊరి బయట ఖాళీ స్థలంలో నిలిపి, చిన్న కారులో మా పాత పరిచయస్తురాలు వరలక్ష్మి గారింటికి భోజనానికి వెళ్ళాం. ఆవిడది అమలాపురం దగ్గర పల్లె. ఒకప్పుడు అరబ్బుల ఇళ్ళల్లో వంట చేసేది. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లోనే కేరేజీలు కడుతోంది. దోసకాయ పప్పు, వంకాయ పచ్చికారం కూర, పులుసు, పెరుగు, ఇవన్నీ పదిహేను దిర్హాములకే. మా దగ్గర ఆ పదిహేను కూడా పుచ్చుకోదు.

“అయితే కారుకి ముక్కుతాడు ఏస్తారన్నమాట!” అంది అన్నం వడ్డిస్తూ. “మరి బేగెల్లండి. ఇయ్యాల శుక్రవారం. దీపాలెట్టాకా డబ్బులివ్వకూడదు. లచ్చిందేవి ఎల్లిపోద్ది.”

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. రిఫైనరీలో పెద్ద ఇంజనీరు, పైపుల్లో ఒత్తిడి గురించి గంటసేపు మాట్లాడగలరు. కానీ వాళ్ళమ్మగారు చెప్పినవి ఒక్కటీ మర్చిపోలేదు. “రేపు ఇద్దామంటే శనివారం. ఇనుము కొనకూడదు,” అన్నారు నీరసంగా.

“మరేటనుకున్నారు? శనోరం ఇనుం కొంటే శనిని నెత్తినెట్టుకున్నట్టే,” అంది వరలక్ష్మి గారు, ఇంకో గరిటెడు పులుసు పోస్తూ.

మేము రువైస్ నుంచి తెచ్చుకున్న ధైర్యమంతా అక్కడితో సరి. శుక్రవారం దీపాల వేళలోపు డబ్బివ్వాలి, లేదా ఆదివారం దాకా ఆగాలి. మా ఆయన మజ్జిగ కూడా తాగకుండా లేచారు.

ధైద్, శుక్రవారం

ధైద్‌లో పెద్దాయన తోట చేరేసరికి సాయంత్రపు అసర్ నమాజు అయిపోయింది. ఖర్జూరం చెట్లు, మేకల దొడ్డి, రేకుల షెడ్డు. పెద్దాయనని అందరూ అబూ రాషిద్ అంటారు. ఒంటి మీద పాదాల దాకా తెల్లటి కందూరా, కాళ్ళకి రబ్బరు చెప్పులు, నెరిసిన గడ్డం. కుర్రతనంలో ఖర్జూరాల వ్యాపారానికి తండ్రితో బొంబాయి వెళ్ళి నేర్చుకున్న హిందీ మా ఇద్దరి హిందీ కంటే బావుంది.

మా ఆయన సలాం చెప్పి వెంటనే సామాను చూపించమన్నారు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టారు. “అరే మూర్తీ, పహలే గహ్వా, బాద్ మే లోహా!” ముందు కాఫీ, తర్వాతే ఇనుము.

ఈ దేశంలో ఇన్నేళ్ళ కాపురంలో ఒక అరబ్బు ఇంటి గడప తొక్కడం మాకు అదే మొదలు. తివాచీ మీద కూర్చోబెట్టారు. ఖర్జూరాలు వచ్చాయి. లుగైమాత్ వచ్చాయి. అవి అచ్చం మన పునుగులే, కాకపోతే ఖర్జూరపు పాకంలో ముంచారు. చెవులు లేని బుల్లి కప్పుల్లో ఏలకుల వాసనేసే గహ్వా పోశారు. మా ఆయన ఒక్క గుక్కలో తాగేసి, ఇంక లేద్దామన్నట్టు కప్పు ముందుకి చాపారు. పెద్దాయన మళ్ళీ నింపారు. మర్యాదకి ఆయన మళ్ళీ తాగారు, మళ్ళీ చాపారు. మళ్ళీ నిండింది. బయట సూర్యుడు ఖర్జూరం చెట్ల మొవ్వుల దాకా దిగిపోయాడు. మా ఆయన ఒక కన్ను కప్పు మీద, ఒక కన్ను సూర్యుడి మీద.

లోపలి గుమ్మం దగ్గర పెద్దాయన భార్య ఉమ్ రాషిద్ ఇదంతా చూస్తూ నవ్వుకుంటోంది. నన్ను పిలిచి ఖాళీ కప్పుని రెండువేళ్ళతో అటూ ఇటూ ఊపి చూపించింది. చాలు అని చెప్పడానికి అదీ పద్ధతి. నేను వెంటనే మా ఆయనకి సైగ చేశాను. ఆయన ఆ కప్పుని పసిపిల్లల గిలక్కాయలా ఊపేశారు. పెద్దాయన పగలబడి నవ్వి లేచారు.

షెడ్డులో సామాను చూశాం. కడ్డీ గట్టిగా ఉంది, గొలుసులకి తుప్పు లేదు, లైట్లు వెలుగుతున్నాయి. ధర రెండు వేల దిర్హాములన్నారు. కూరగాయల దగ్గర పావలాకి కూడా గంటసేపు వాదించే మా ఆయన, సూర్యుణ్ణి చూసి పదిహేడు వందలకి ఒప్పేసుకున్నారు. నన్ను వదిలితే పన్నెండు వందలకి తెచ్చేదాన్ని. డబ్బు చేతిలో పెట్టారో లేదో, మసీదులో పొద్దు గుంకే వేళ ఇచ్చే మగ్రిబ్ అజాన్ మొదలైంది. లక్ష్మీదేవి మా ఇంట్లోనే ఉండిపోయింది.

పెద్దాయన ఆ రాత్రికి తోటలోనే బండి నిలుపుకోమన్నారు. ఆ ఆనందంలో నేనొక మాట అడగలేదు, మా ఆయనొకటి చూడలేదు.

ధైద్, శనివారం

పొద్దున్నే బిగించే పని మొదలుపెట్టాం. కారు కింద దూరడానికి మా ఆయన పొట్ట ఒప్పుకోలేదు. చాప వేసుకుని నేనే దూరాను. చట్రానికున్న రంధ్రాలు మా కారు రంధ్రాలకి జానెడు దూరంలో ఉన్నాయి. అది ఏదో పెద్ద జీపుకి చేసిన చట్రం. కడ్డీ ఏ కారుకైనా పనికొస్తుంది, చట్రం మాత్రం కారు కారుకీ వేరు. అంత ముఖ్యమైన సంగతి దీపాల వేళ తొందరలో ఇద్దరమూ మర్చిపోయాం.

కారు కింద అలాగే పడుకుండిపోయాను. మళ్ళీ వెనకాలే రావాలి కాబోలు అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్దాయన మాత్రం ఏమీ కంగారుపడలేదు. షెడ్డు మూలనుంచి పాత చట్రాలు ఒక్కొక్కటే లాగారు. వాటిలో ఒకటి పట్టుకుని మళ్ళీ కారు కిందకి దూరాను. రంధ్రానికి రంధ్రం సరిగ్గా కూర్చుంది! కింద నుంచే కేక పెట్టాను.

“తీసుకోండి, ముఫ్త్!” అన్నారు పెద్దాయన.

మా ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. శనివారం ఇనుము కొంటేనే తప్పు, దానంగా పుచ్చుకుంటే ఇంకా ప్రమాదం. ఇచ్చినవాడి శని అంతా పుచ్చుకున్నవాడికి వస్తుందని మనవాళ్ళ నమ్మకం. వచ్చిన హిందీలో అదంతా పెద్దాయనకి చెప్పారు. పెద్దాయన శ్రద్ధగా విన్నారు. ఆ గ్రహాన్ని వాళ్ళు జుహల్ అంటారట.

“అచ్ఛా, వారమంతా నువ్వు రిఫైనరీలో ఇనుము మధ్యే కూర్చుంటావుగా? శనివారం డ్యూటీ పడదా?” అని అడిగారు.

“అది కంపెనీ ఇనుమండీ,” అన్నారు మా ఆయన తడుముకోకుండా.

పోనీ ఆదివారం పొద్దున్న కొందామా అంటే, పెద్దాయన తెల్లవారుజామునే బంధువుల పెళ్ళికి ఒమన్ వెళ్ళిపోతున్నారు. షెడ్డుకి తాళం పడుతుంది. ఆయన తిరిగొచ్చేసరికి మా ఆయన సెలవు కాస్తా ఖలాస్. నాకు ఒళ్ళు మండింది.

“మీరు కొనకండి. నేను కొంటాను. కారు నాది, శని కూడా నాకే పట్టనివ్వండి.”

“నువ్వు కొన్నా నాకే తగులుతుంది జయా. మొగుడూ పెళ్ళాలకి ఒకటే ఖాతా,” అన్నారు.

“మరి ఆ ఖాతాలో సీటు మాత్రం నాకు వెనకాలెందుకండీ?” అన్నాను. మాట గట్టిగానే వచ్చింది. ఆయన తల వంచుకున్నారు. పెద్దాయనకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమై, మేకలకి నీళ్ళు పెట్టాలంటూ అటు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఉమ్ రాషిద్ నన్ను లోపలికి పిలిచి భోజనం పెట్టింది. గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించే హరీస్ నేను తినను కనక నాకోసం విడిగా పప్పూ అన్నమూ వండించింది. పప్పులో ఎండునిమ్మకాయ వేశారు. ఆ పులుపు నాకెంత నచ్చిందో, ఇంటికొచ్చాక ఇప్పటికి మూడుసార్లు చేశాను. హిందీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న హిందీలో ఆవిడ నా మొహం అలా ఉందేమని అడిగింది. పొగమంచు నుంచి శనివారం దాకా మొత్తం చెప్పాను.

ఆవిడ వింటూ వింటూ తొడ మీద చరుచుకుని నవ్వింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు పికప్ ముందు కూర్చుని నడుపుతుంటే, తను వెనకాల మేకల మధ్య కూర్చుని ఫుజైరా దాకా వెళ్ళేదట. “మర్ద్ లోగ్ ఆగే దేఖ్తా హై,” అంది. మగాళ్ళు ముందుకే చూస్తారట. తర్వాత ఉన్నట్టుండి, “శనివారం ఇంకెంతసేపు ఉంటుందే? మగ్రిబ్ అయితే ఆదివారమే కదా!” అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. వాళ్ళ లెక్కలో సూర్యాస్తమయంతోనే రోజు మారిపోతుంది. మనకి పొద్దు పొడిస్తే కొత్త వారం, వాళ్ళకి పొద్దు గుంకితే కొత్త వారం. చెయ్యి కడుక్కోకుండానే బయటికి పరిగెత్తాను.

ఆవిడ మాట మా ఆయనకి చెప్పాను. రోజూ పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు ముందు ఏ దేశంలో ఉన్నామో చెప్పుకుంటాం కదా అన్నారు. ఉన్న దేశాన్ని ఒప్పుకున్నప్పుడు ఆ దేశపు పొద్దునీ ఒప్పుకోవాలి కదా అన్నారు. నిజానికి ఆయనకీ ఒప్పుకోవాలనే ఉంది, పాపం. దారి దొరక్క నిలబడిపోయారంతే.

సాయంత్రం నమాజు ముగించి పెద్దాయన షెడ్డు దగ్గరికి వచ్చారు. “మూర్తీ, ముబారక్! ఆదివారం వచ్చేసింది. యల్లా, పద!” మా ఆయన వంద దిర్హాములు రెండు చేతులతో ఇచ్చారు. పెద్దాయన దాన్ని కళ్ళకద్దుకున్నట్టు నటించి జేబులో పెట్టుకున్నారు. చట్రాన్ని నేనే ఎత్తి మోశాను. అంత బరువు ఎలా మోశానో నాకే తెలియదు.

శుక్రవారం సంత

ఆదివారం ధైద్‌లో ఒక పంజాబీ గ్యారేజీలో చట్రం బిగించారు. తనిఖీ, అనుమతి కాగితాల గొడవ చెప్పి మిమ్మల్ని విసిగించను. సోమవారం మధ్యాహ్నానికి అంతా అయింది. కారు హ్యాండ్‌బ్రేక్ తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్ బిగుసుకోకుండా తాళంచెవి తిప్పి ఉంచాం. చక్రాలన్నిటి కిందా నిమ్మకాయలు పెట్టాం. మోటర్‌హోమ్ ఎక్కి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. బండి కదిలింది. అద్దంలో చూస్తే నా కారు బుద్ధిగా వెనకాలే వస్తోంది, లోపల ఎవరూ లేరు. నాకు పెద్దగా నవ్వొచ్చింది, ఎంతకీ ఆగలేదు.

మసాఫీ దారిలో శుక్రవారం సంత అని ఒకటి ఉంది. పేరుకే శుక్రవారం, ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. తివాచీలు, మట్టి కూజాలు, మామిడిపళ్ళు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. వారాల లెక్క ఇంత తేలిగ్గా తీసుకునేవాళ్ళని చూసి మా ఆయన తెల్లబోయారు. ఆ తెల్లబోవడంలోనే బండిని దుకాణాల ముందున్న సన్నటి దారిలోకి తిప్పేశారు. ముందు గోడ. వెనక్కి రాలేము, ఎందుకంటే కారు కట్టి ఉన్న బండి వెనక్కి నడవదు, కడ్డీ వంకరపోతుంది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. పళ్ళ దుకాణాల వాళ్ళంతా చుట్టూ చేరి తలా ఒక సలహా చెప్పారు.

నేను కిందికి దిగాను. పిన్నులు లాగి, గొలుసులు విప్పి, వైరు పీకి, కారెక్కి రివర్సు గేరు వేసి ఒక్క ఊపులో రోడ్డు మీదికి తెచ్చాను. మా ఆయన బండిని వెనక్కి తీసుకున్నారు. విశాలంగా ఉన్నచోట మళ్ళీ కడ్డీ దించి, కారుకి తగిలించి, గొలుసులు వేసి, లైట్లు వెలిగించి చూపించాను. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఒక పఠాన్ దుకాణదారు, “వాహ్ బాజీ!” అని అక్కని మెచ్చుకున్నట్టు అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను డజను మామిడిపళ్ళు ముప్ఫై చెప్పి ఇరవైకి ఇచ్చాడు. ఆ బేరం నేను ఆడిందే.

ఫుజైరా

మసాఫీ దాటాక కొండలు రెండు పక్కలా దగ్గరికొచ్చేస్తాయి. గోధుమరంగు, బూడిదరంగు, కొన్నిచోట్ల ఊదారంగు కూడా. ఈ దారిలో ఇంతకుముందు రెండుసార్లు కారు నడిపాను, ఆ ఊదారంగు ఎప్పుడూ చూడలేదు.

మా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. “అదిగో, ఆ బండరాయి మీద మేక చూడు, ఎలా ఎక్కిందో. ఇక్కడ క్వారీ లారీలొస్తాయి, జాగ్రత్త. ఆ పాత కోట చూశావా? ఈ మలుపు తిరిగాక గాలిలో ఉప్పు వాసన తెలుస్తుంది, చూడు.” ఇంట్లో పొద్దస్తమానం ఫోనులో తల దూర్చి ఊఁ, ఆఁ తప్ప అనని మనిషి. ఆపకుండా, నా వైపు తిరక్కుండా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పుకుపోతున్నారు. ఎప్పటినుంచో అలవాటున్న పనిలా ఉంది.

నాకు అనుమానం వచ్చింది. “ఏమండీ, ఇన్నాళ్ళూ ఈ సీటు ఖాళీయే కదా. అప్పుడూ ఇలాగే మాట్లాడేవారా?”

కాస్త సిగ్గుపడ్డారు. “ఆఁ.”

“ఎవరితో?”

“నీతోనే. అద్దంలో కనిపిస్తూ ఉండేదానివిగా,” అన్నారు. అద్దం వైపు ఒకసారి చూసి, “లివా నుంచి వచ్చినరోజు పొగమంచులో కనిపించలేదు. ఆ రోజు మాత్రం మాట్లాడలేదు. దేవుణ్ణి తలుచుకుంటూ నడిపాను,” అన్నారు.

ఇన్ని ప్రయాణాల్లో ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదనుకున్నాను. మామిడిపండు ఒకటి ఒలిచి ముక్క ఆయన నోటికి అందించాను. నోట్లో ముక్క పెట్టుకునే, “ఎదురుగా చూడు, సముద్రం!” అన్నారు.

నీలంగా, నిండుగా, ఓడలతో సముద్రం ముందుకొచ్చింది. ఆయనా నేనూ దాన్ని ఒకేసారి చూశాం.

ఫుజైరాలో ఒక రోజున్నాం. నిప్పుల మీద కాల్చిన చేప ఆయన తిన్నారు, నేను రొట్టె, పచ్చడి తిన్నాను. కారు విప్పుకుని సందులన్నీ తిరిగాం, మళ్ళీ తగిలించుకుని ఇంటిదారి పట్టాం. ఫుజైరా నుంచి రువైస్ అంటే దేశానికి ఈ చివరనుంచి ఆ చివర. అంత దూరమూ ఆయన నోరు మూయలేదు. నేనూ మూయమనలేదు.